మునిగిన ఓడల నీలి పింగాణీ: ఏ సరుకు కొనాలి, బొమ్మను ఎలా చదవాలి

పాత చైనా నీలి పింగాణీ కొనబోయేవారికి మొదటి చిక్కు వయసు దగ్గరే వస్తుంది. అడుగున ఆరు అక్షరాల రాజముద్ర కనిపించగానే అది ఆ రాజు కాలందే అని నమ్మితే చేతులు కాలతాయి. 15వ శతాబ్దపు ఛెంగ్‌హ్వా ముద్రను కాంగ్‌షీ కాలపు (1662–1722) పనివాళ్లు పాత పనితనం మీద గౌరవంతో వేశారు. కాంగ్‌షీ ముద్రను 19వ శతాబ్దంలో లెక్కలేనన్ని జాడీల మీద వేశారు. చైనాలో పింగాణీకి పేరున్న జింగ్‌డెజెన్ ఊళ్లో ఇవాళ రెండూ వేస్తున్నారు. గ్లేజు (పాత్ర మీది గాజులాంటి పూత) మెరుపు, అడుగు మట్టి చూసి కాలం చెప్పగల కన్ను ఏళ్ల తరబడి చేత్తో పట్టి చూస్తేగానీ రాదు.

అందుకే కొత్తగా సేకరణ మొదలుపెట్టేవాళ్లు మునిగిన ఓడల్లోంచి తీసిన సరుకు వైపు వెళ్తారు. ఓడ ఎప్పుడు మునిగిందో తెలిస్తే, అందులోని గిన్నె అంతకన్నా కొత్తది అయ్యే అవకాశం లేదు. ఈ సమీక్షకు ఆరు ఓడల సరుకు తీసుకున్నాం: హాచర్, వుంగ్ తౌ, కా మౌ, నాంకింగ్, డయానా, టెక్ సింగ్. ఆరూ యూరప్‌లో బహిరంగ వేలాల్లో అమ్ముడైనవే. ఇప్పటికీ పాత వస్తువుల దుకాణాల్లో, ఆన్‌లైన్ వేలాల్లో చేతులు మారుతూ దొరుకుతున్నాయి. చూసినవి మూడు: నీలం ఎంత మిగిలింది, బొమ్మలో ఎంత విషయముంది, అడిగే ధరకు అది తగునా. ఫలితం ముందే చెప్పేస్తాం: అన్నిటికన్నా పేరు మోసిన సరుకులో బొమ్మకు అర్థం తక్కువ, అన్నిటికన్నా చవక సరుకులో అర్థం ఎక్కువ. ధర మాత్రం పాత్రకు అతికించిన వేలం స్టిక్కరు మీది ఓడ పేరును బట్టి పోతోంది.

మునిగిన ఓడల సరుకులో నీలి పింగాణీయే ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు తయారీలోనే ఉంది. ఆరిన పచ్చి పాత్ర మీద కోబాల్టుతో గీస్తారు. అప్పుడది నల్లగా, బూడిదరంగులో ఉంటుంది. దాని మీద గ్లేజు పోసి దాదాపు 1300 డిగ్రీల దగ్గర ఒకేసారి కాలుస్తారు. నీలం గ్లేజు కిందే ఉండిపోతుంది కాబట్టి ఉప్పునీరు దాన్ని నేరుగా ముట్టుకోలేదు. గ్లేజు మీద వేసిన గులాబి, ఆకుపచ్చ, బంగారు రంగుల గతి వేరు. సముద్రంలో వందేళ్లు దాటితే అవి దాదాపు పూర్తిగా పోతాయి. పళ్లేన్ని దీపానికి ఏటవాలుగా పట్టి చూస్తే పోయిన పువ్వుల గీతలు నీడలా కనిపిస్తాయి. అలాంటి పళ్లేలను కొందరు 'తెల్ల పింగాణీ' అని అమ్ముతారు. తెలిసి కొంటే తప్పులేదు, ధర మాత్రం తెలుపు ధరే ఇవ్వాలి.

నాంకింగ్ సరుకు

నాంకింగ్ అన్నది వేలంలో సరుకుకు పెట్టిన పేరు, ఓడది కాదు. డచ్ ఈస్టిండియా కంపెనీ ఓడ గెల్డర్‌మాల్సెన్ 1751 డిసెంబరులో కాంటన్ నుంచి బయల్దేరి, 1752 జనవరి 3న దక్షిణ చైనా సముద్రంలో దిబ్బకు కొట్టుకుని మునిగింది. మునిగిన ఓడలు వెతికే మైకేల్ హాచర్ బృందం 1985లో దాన్ని వెలికితీసింది. 1986 ఏప్రిల్ చివర్లో మొదలైన ఆమ్‌స్టర్‌డామ్ క్రిస్టీస్ వేలంలో దాదాపు లక్షన్నర ముక్కలు, వాటితోపాటు బంగారు కడ్డీలు అమ్ముడై కోటి పౌండ్ల వరకు వచ్చాయి. ఓడలో అసలు విలువైన సరుకు టీ. పింగాణీ పెట్టెలు దాని కింద బరువు కోసం వేసినవి. ఓడ పగిలాక టీ ఆకు ఊరి, మెత్తని పొరలా పింగాణీ మీద పరుచుకుంది. ఇన్ని ముక్కలు చెక్కుచెదరకుండా దొరకడానికి అది ముఖ్య కారణం. కంపెనీ సరుకు పట్టీలో ఒక్క టీ కప్పు-సాసర్ల జతలే 63,623.

నీలానికి మార్కులు బాగా పడతాయి. ఆకుల పక్కన పడుకున్న పళ్లేల్లో గ్లేజు ఇంకా మెరుస్తుంది. ఇసుకలో దొర్లినవి మాత్రం గాజు కాగితంతో రుద్దినట్టు మసకబారి ఉంటాయి. ఒకే లాట్‌లో (వేలంలో కలిపి అమ్మే గుంపులో) రెండు రకాలూ ఉండొచ్చు కాబట్టి ఫొటో ఒక కోణంలోనే ఇస్తే కొనకండి. కిటికీ వెలుతురు గ్లేజు మీద ప్రతిబింబించేలా తీసిన ఫొటో అడగాలి.

బొమ్మ దగ్గర మాత్రం నిరాశే. ఇవి డచ్ భోజన బల్లల కోసం ఆర్డరిచ్చి చేయించిన పళ్లేలు. నీటి ఒడ్డున మంటపం, వంగిన చెట్టు, వంతెన మీద పండితుడు, పడవలో మనిషి, అంచున పూల పట్టీ. రాయి పక్కన పియోని పువ్వు వేసిన రకంలో కాస్త అర్థం ఉంది, ఎందుకంటే పియోని సంపదకు, హోదాకు గుర్తు. మిగతావి చైనాలో ఎక్కడైనా కనిపించే ప్రకృతి దృశ్యాలే. అమ్మేవాళ్లు వీటికి పారిపోయిన ప్రేమికుల కథ అతికిస్తారు. ఆ కథ, దానికి సరిపడే 'విల్లో' నమూనా 18వ శతాబ్దం చివరి నుంచి ఇంగ్లండ్ కుమ్మరి కర్మాగారాల్లో పుట్టి పెరిగినవి. 1752లో మునిగిన పళ్లెంలో అది ఉండదు. కథ చెప్పి ధర పెంచే దుకాణంలో మిగతా మాటలు కూడా జాగ్రత్తగా వినాలి.

కొనాలంటే ఈ సరుకులో మా ఎంపిక బటేవియా రకం టీ గిన్నె, సాసర్: బయట కాఫీ గోధుమ రంగు, లోపల నీలం వెదురు, పియోని. వెదురు వంగుతుంది గానీ విరగదు, అందుకే అది నిలకడకు గుర్తు. పియోనితో కలిస్తే కలిమిలోనూ నిలకడ. గిన్నెకు పిడి ఉండదు, అది లోపం కాదు. పెద్ద భోజన పళ్లేలకు పెట్టే ధరకు ఇలాంటి మంచి జత దొరికితే జతే తీసుకోండి.

ఈ సరుకు మీద ఒక మచ్చ ఉంది, కొనేవాళ్లకు తెలియాలి. ఓడ ఏ స్థితిలో, ఏ పెట్టె ఎక్కడ ఉందో నమోదు చేయకుండా సరుకు మాత్రం తోడేశారని పురావస్తు శాస్త్రజ్ఞులు అప్పుడే తప్పుపట్టారు. బీజింగ్ రాజభవన మ్యూజియం నుంచి ఇద్దరు నిపుణులు 30 వేల డాలర్లతో ఆ వేలానికి వచ్చి, ధరలు అందక ఒక్క ముక్కా కొనలేక వెనక్కి వెళ్లారు. ఆ మరుసటి ఏడే చైనాలో నీటి అడుగు పురావస్తు పరిశోధన మొదలైంది. 2001 యునెస్కో ఒప్పందం మునిగిన వారసత్వ సంపదను వ్యాపార సరుకుగా వాడటాన్ని వ్యతిరేకిస్తుంది. పాత వేలాల్లో చట్టబద్ధంగా అమ్ముడైన ముక్కను మళ్లీ కొనడం వేరు, ఇప్పుడే వల వేసి తీసిన 'తాజా' సరుకు కొనడం వేరు. రెండోది ఎంత చవకైనా వద్దు.

హాచర్ సరుకు

అదే హాచర్ 1983లో తీసిన చైనా జంక్ ఓడ ఇది. 1984, 85లలో ఆమ్‌స్టర్‌డామ్‌లో దాదాపు 25 వేల ముక్కలు అమ్ముడయ్యాయి. రెండు మూతల మీద 1643కు సరిపడే సంవత్సరం రాసి ఉండటం వల్ల కాలం తేలింది. మింగ్ వంశం కూలుతూ, చింగ్ వంశం వస్తున్న కాలం. రాచకొలువు ఆర్డర్లు ఆగిపోయి, జింగ్‌డెజెన్ చిత్రకారులు తమకు నచ్చిన బొమ్మలు వేసుకున్న రోజులు. కుంచె స్వేచ్ఛగా పరుగెత్తుతుంది. గడ్డిని ఇంగ్లిష్ 'వి' అక్షరంలా చిన్న చిన్న గీతలతో వేస్తారు. ఆ గడ్డి గుర్తుపట్టడం నేర్చుకుంటే ఆ కాలపు సగం పాత్రలు దూరం నుంచే తెలిసిపోతాయి.

ఇందులో కమండలంలా ముక్కున్న కెండీలు, చిన్న జాడీలు, మూత డబ్బాలు, చేప ఆకారపు చిన్న తట్టలు ఉన్నాయి. చిలిన్ అనే శుభ మృగం తరచు కనిపిస్తుంది. ఒంటి మీద పొలుసులు, కాళ్లకు గిట్టలు, తోక గుబురు. అమ్మకపు పేజీల్లో సగం చోట్ల దాన్ని 'సింహం' అనో 'డ్రాగన్' అనో రాస్తారు. కాళ్లు చూస్తే తేలిపోతుంది: గిట్టలుంటే చిలిన్, గోళ్లుంటే డ్రాగన్, పంజా కింద బంతి ఉంటే సింహం. చిలిన్ వస్తే మంచి కొడుకు, మంచి పాలకుడు వస్తాడని నమ్మకం. గ్లేజు దెబ్బతినడం ఎక్కువే అయినా, గీతలో ప్రాణం కోసం కొనేవారికి ఆరింటిలోనూ మంచి ఎంపిక ఇదే. చిన్న డబ్బాలు, పెచ్చు లేని మూతతో దొరికితే వదలొద్దు. మూత, డబ్బా వేర్వేరు జతలవి కావడం మామూలే. మూత తిప్పి చూస్తే బొమ్మ గీత అంచు దగ్గర కలవాలి, నీలం ఛాయ ఒకటే ఉండాలి.

వుంగ్ తౌ సరుకు

వియత్నాం దక్షిణాన కాన్ దావ్ దీవుల దగ్గర మునిగిన జంక్. అందులో దొరికిన సిరా కడ్డీ మీది తేదీ 1690కు తగులుతుంది. 1992 ఏప్రిల్‌లో ఆమ్‌స్టర్‌డామ్‌లో దాదాపు 28 వేల ముక్కలు అమ్మారు. నీలం పనితనంలో కాంగ్‌షీ కాలానిది పైచేయి. ఇక్కడ ఒకే కోబాల్టును నీళ్లు కలిపి నాలుగైదు ఛాయలు చేసి, పొర మీద పొర వేస్తారు. యువాన్, తొలి మింగ్ వంశాల కాలాల్లో పర్షియా వైపు నుంచి వచ్చిన ఇనుము ఎక్కువున్న కోబాల్టు గ్లేజులోకి పొంగి నల్ల చుక్కలు కట్టేది. కాంగ్‌షీ కాలంలో వాడిన దేశీ కోబాల్టును బాగా శుభ్రం చేయడంతో ఆ చుక్కలు పోయి నీలం తేటపడింది. కాబట్టి కాంగ్‌షీ అని చెప్పే పాత్రలో నల్ల చుక్కలు దట్టంగా, కుంచెతో ఒత్తి పెట్టినట్టు ఉంటే అనుమానించాలి.

ఇక్కడి ముచ్చటైన ముక్కలు చిన్నచిన్న పూలకూజాలు, అరచేతిలో ఇమిడే జాడీలు. డచ్ ఇళ్లలో పొయ్యి గూటి మీద వరసగా పెట్టడానికి చేసినవి. కొన్నింటి మీద ఆమ్‌స్టర్‌డామ్ కాలువ గట్టు ఇళ్లను, మెట్ల గోడలతో సహా, చైనా చిత్రకారుడు విన్నదాన్ని బట్టి వేశాడు. ఇవి ఖరీదైనవి. మామూలు కొనుగోలుదారుకు పూలకొమ్మ, తామర రేకుల చట్రాల కూజాలు చాలు. సన్నగా పొడవుగా నిలబడ్డ స్త్రీల బొమ్మను డచ్ వ్యాపారులు 'పొడుగు అమ్మాయిలు' అని హేళనగా పిలిచారు, ఆ పేరే వ్యాపారంలో నిలిచిపోయింది. కొడుకులు, నాట్యం, తోట, ఇవన్నీ ఇల్లు నిండుగా ఉండాలన్న కోరికలు.

అడుగున ముద్ర లేదని బాధపడొద్దు. 1677లో జింగ్‌డెజెన్ అధికారి పాత్రల మీద రాజు పేరు వేయొద్దని ఆంక్ష పెట్టాడు, ఎందుకంటే పగిలిన ముక్క మీద రాజు పేరు కాళ్ల కింద పడటం అపచారం. దాంతో పనివాళ్లు ఖాళీ జంట వలయాలు, ఆర్టెమీసియా ఆకు, కుందేలు వంటి గుర్తులు వేశారు. ఖాళీ జంట వలయం ఆ కాలానికి నిజంగానే సరిపోతుంది.

కా మౌ, డయానా

కా మౌ సరుకు 1725 ప్రాంతానిది, కాంగ్‌షీ తర్వాతి రాజు యుంగ్‌జెంగ్ కాలం. 2007 జనవరిలో ఆమ్‌స్టర్‌డామ్ సోథ్‌బీస్‌లో 76 వేల ముక్కలు. ఈ ఓడలో నిప్పు అంటుకుంది, వేడికి గిన్నెల దొంతరలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. అతుక్కున్న దొంతరలు ఇప్పుడు వింతగా అమ్ముడవుతున్నాయి, అలంకరణకు బాగుంటాయి గానీ బొమ్మ చదవాలనుకునేవారికి పనికిరావు. మంచివాటిలో పనితనం బాగానే ఉంది, ధర నాంకింగ్ కన్నా తక్కువ.

డయానా మనకు కాస్త దగ్గరి చుట్టం. ఇది కాంటన్ నుంచి మద్రాసుకు వస్తూ 1817 మార్చి 4న మలక్కా దగ్గర రాయికి కొట్టుకుని మునిగిన వ్యాపార ఓడ. 1990ల మొదట్లో తీసి 1995లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అమ్మారు. కోరమాండల్ తీరపు సంపన్న ఇళ్లకు, కంపెనీ కొలువుదారుల బల్లలకు ఎలాంటి పింగాణీ వచ్చేదో ఈ సరుకే చెబుతుంది. ఒకవైపు ఎగుమతి భోజన పళ్లేలు, మరోవైపు నక్షత్రం విచ్చుకున్నట్టుండే ముతక నమూనా పెద్ద పళ్లేలు. ముతకవి చవకగా దొరుకుతాయి, గోడకు చక్కగా ఉంటాయి. మద్రాసు సంబంధం కోసం కొనాలనుకుంటే కొనండి. నీలంలో, గీతలో ఇది ఆరింటిలో వెనకబడినదే.

టెక్ సింగ్

చవకదనం, అర్థం రెండూ కలిసి వచ్చేది ఇక్కడ. 1822 జనవరిలో చైనాలోని అమోయ్ రేవు నుంచి బటేవియాకు (నేటి జకార్తా) బయల్దేరిన పెద్ద జంక్, ఫిబ్రవరిలో గాస్పర్ జలసంధిలో మునిగింది. పని కోసం జావాకు వెళ్తున్న చైనా కుటుంబాలు, కూలీలు, 1600 మందికి పైగా చనిపోయారు. 1999లో హాచరే తీయించాడు. 2000 నవంబరులో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో నాగెల్ సంస్థ మూడున్నర లక్షలకు పైగా ముక్కలు అమ్మింది.

ఈ సరుకు జింగ్‌డెజెన్‌ది కాదు, చాలాభాగం ఫూజియన్‌లోని దెహ్వా కొలుముల్లోంచి వచ్చింది. తెలుపులో బూడిద ఛాయ, నీలంలో మసక. కొన్ని గిన్నెల లోపలి అడుగున గ్లేజు లేని వలయం ఉంటుంది, ఒకదాని మీద ఒకటి పేర్చి కాల్చినందుకు. కొన్నింటి బొమ్మలు అచ్చుతో వేసినవి. ఇవన్నీ లోపాలు కాదు, ఆ కొలుముల గుర్తులు. గ్లేజు లేని ఆ వలయం మాత్రం మరక పడుతుంది, పసుపు కలిసిన కూర వేస్తే పోదు.

ఎందుకు మంచిదంటున్నామంటే, ఇది డచ్ వాళ్ల కోసం చేసినది కాదు. జావాలో స్థిరపడ్డ చైనా ఇళ్లలో అన్నం తినడానికి చేసినది. అందుకే బొమ్మలు వాళ్ల కోరికలను సూటిగా చెబుతాయి: చుట్టలు తిరిగిన లింగ్‌జీ పుట్టగొడుగు దీర్ఘాయువుకు, పియోని సిరికి, షౌ అనే చైనా అక్షరం వయసుకు. సాధారణ గిన్నె ధర నాంకింగ్ పళ్లెంలో చిన్న వంతు. అడుగు కొలత, నీలం తేటదనం చూసి, గీత బాగున్నది ఎంచుకోండి. మొదటి కొనుగోలుగా మేం చెప్పేది ఇదే. కేవలం స్టిక్కరు ఉందని పెచ్చు లేచినదాన్ని తీసుకోకండి, మూడున్నర లక్షల్లో మంచివి ఇంకా చాలా ఉన్నాయి.

బొమ్మ చదవడం

చైనా అలంకారంలో ఎక్కువ భాగం మాటల ఆట. గబ్బిలానికి, శుభానికి ఒకే పలుకు. చేపకు, సమృద్ధికి ఒకటే. జింకకు, జీతానికి ఒకటే. పూలకూజాకు, శాంతికి ఒకటే. అందుకే గబ్బిలం మన ఇళ్లలో అశుభం అయినా అక్కడ ఎక్కడ చూసినా ఉంటుంది. ఐదు గబ్బిలాలుంటే ఐదు భాగ్యాలు: దీర్ఘాయువు, సంపద, ఆరోగ్యం, సద్గుణం మీద ప్రేమ, సునాయాస మరణం.

ఒక్కొక్క బొమ్మను విడిగా చూస్తే సగమే తెలుస్తుంది, జతలు చూడాలి. కొంగ, తామర కలిస్తే పరీక్షల్లో వరసగా ఉత్తీర్ణత. ద్వారం దూకుతున్న చేప కూడా అదే, పసుపు నది ద్వారం దాటిన చేప డ్రాగన్ అవుతుందని నమ్మకం, ఉద్యోగ పరీక్ష నెగ్గడం అన్నమాట. కూజాలో మూడు ఈటెలుంటే మూడు మెట్ల పదోన్నతి. ప్లమ్ కొమ్మ మీద మాగ్‌పై పిట్ట కూర్చుంటే సంతోషం వచ్చేసిందని. పగిలిన మంచు గీతల మీద ప్లమ్ పూలు వేస్తే చలికాలం అయిపోయిందని, అందుకే కొత్త సంవత్సర కానుకల జాడీల మీద అది ఉంటుంది. పీచ్, దానిమ్మ, బుద్ధుని చేయి అనే నిమ్మజాతి కాయ మూడూ కలిస్తే ఆయువు, సంతానం, శుభం పుష్కలం కావాలని.

తెలుగు పాఠకులకు సులువుగా దొరికేది అష్టమంగళాల వరస: చక్రం, శంఖం, ఛత్రం, ధ్వజం, పద్మం, కలశం, జంట చేపలు, అంతులేని ముడి. బౌద్ధంతో పాటు మన దగ్గర నుంచే వెళ్లి, రిబ్బన్లు చుట్టుకుని చైనా పళ్లెం అంచు మీద కూర్చున్నాయి. ఎనిమిదీ ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. ఏడే ఉండి ఒకటి రెండుసార్లు వస్తే, లేదా శంఖం ఉండాల్సిన చోట ఏదో ఉండ ఉంటే, గీసినవాడికి అర్థం తెలియదని అనుమానించాలి. నకిలీకి అది పక్కా రుజువు కాదు, హెచ్చరిక మాత్రం.

కాలం చెప్పడానికి బొమ్మ ఒక్కటి చాలదు గానీ కొన్ని దాటరాని గీతలున్నాయి. పెద్ద జంట-సంతోష అక్షరం ఉన్న జాడీలు ఎక్కువగా 19వ శతాబ్దానివి, వాటిని కాంగ్‌షీ అని చెప్పేవాణ్ని నమ్మొద్దు. అడుగున ఇంగ్లిష్‌లో 'చైనా' అని ఉంటే 1891 తర్వాతి ఎగుమతి, అమెరికా పన్ను చట్టం కోరిన ముద్ర. ఐదు గోళ్ల డ్రాగన్ రాచరికపు గుర్తే, అయినా చివరి రోజుల్లో సామాన్యుల పాత్రల మీదకూ దిగింది, నేటి నకిలీల మీద అయితే తప్పనిసరి. మరో మాట: 2000లో శాన్‌ఫ్రాన్సిస్కోలో అమ్మిన హోయ్ ఆన్ సరుకు వియత్నాం పింగాణీ. మంచిదే, చైనాది మాత్రం కాదు.

చేతిలోకి తీసుకున్నాక

ముందు వేలిగోటితో అంచు మీద మెల్లగా కొట్టండి. గణగణమంటే సరి, మొద్దుగా ఉంటే పగులు ఉంది లేదా అతికించారు. తర్వాత దీపం వెనక పెట్టి వెంట్రుక పగులు కోసం వెతకాలి. మూడో పని 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి. మరమ్మతుకు వాడిన రెసిన్ వేరే ఛాయలో మెరుస్తుంది. చివరకు పది రెట్ల భూతద్దం: అసలు నీలం గ్లేజు లోపల, బుడగల కింద ఉంటుంది. పైన వేసిన రంగు గీతల అంచు తేలికగా లేచి కనిపిస్తుంది. నాలుగూ కలిపి ఐదు నిమిషాల పని, అయినా చాలామంది రెండోదానితోనే ఆపేస్తారు. రెసిన్ మరమ్మతు పగిలిన చోటును పూర్తిగా కప్పేస్తే దీపం ఏమీ చెప్పదు.

సముద్రపు అంటు నకిలీ చేయడం ఇప్పుడు పెద్ద వ్యాపారం. నిజమైన పగడపు పెంకు ఒకవైపే దట్టంగా, పురుగు గొట్టాలతో, గ్లేజులోకి కరుచుకుని ఉంటుంది, ఎందుకంటే పాత్ర ఎన్నో ఏళ్లు ఒకే పక్క మీద పడుకుంది. అన్ని వైపులా సమంగా, అలంకారంలా అంటితే జిగురు, సున్నం కావచ్చు. తుప్పు మరక గోధుమరంగులో పగులు వెంట పాకితే సహజం. ఆ మరకను ఆమ్లంతో తీయబోకండి, గ్లేజుకు దెబ్బ తగులుతుంది. మరీ అవసరమైతే సంరక్షణ నిపుణుడి చేతికి ఇవ్వాలి.

స్టిక్కరు మాటకొస్తే, కాగితం స్టిక్కరు పీకి వేరేదాని మీద అతికించడం ఎవరైనా చేయగలరు. నాంకింగ్ లాట్లలో ఒక్కోదానిలో పదుల కొద్దీ పళ్లేలుండేవి. లాట్ నంబరు తెలిసినా ఈ ముక్క అందులోదే అని రుజువు కాదు. వేలం పుస్తకంలో ఆ లాట్ బొమ్మతో పోల్చి నమూనా, కొలత సరిపోతున్నాయో చూడాలి. ధృవపత్రం ఉంటే దాని మీది సంఖ్య, స్టిక్కరు మీది సంఖ్య ఒకటేనా? స్టిక్కరు మీద నీళ్లు పడకుండా కడగండి. అది పోతే ధరలో పెద్ద భాగం దానితో పోతుంది.

ఖర్చు లెక్కకు సుత్తి ధర (వేలంలో పాట ఆగిన ధర) చాలదు. చాలా వేలం సంస్థలు దాని మీద నాలుగో వంతు దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే కొనుగోలు రుసుము వేస్తాయి. రవాణా, బీమా, దిగుమతి సుంకం వేరు. నూరేళ్లు దాటిన పురాతన వస్తువులకు సుంకపు పట్టికలో 9706 శీర్షిక ఉంది, 2022 నుంచి 250 ఏళ్లు దాటినవాటికి విడిగా ఉపశీర్షిక కూడా. వయసు రుజువు పత్రం పార్సిల్ లోపల కాదు, బయట ఇన్‌వాయిస్‌తో ఉండాలి. లేకపోతే మామూలు గిన్నెల లెక్కలో పడుతుంది. మన దేశంలో 1972 చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన వస్తువు పురావస్తువు లెక్కలోకి రావచ్చు, మళ్లీ బయటికి పంపాలంటే అనుమతి కావాలి. అమెరికా, గల్ఫ్‌ల్లో ఉన్న బంధువుల కోసం ఇక్కడ కొని పంపుదామనుకునేవాళ్లు ఆ సంగతి ముందే చూసుకోవాలి. చైనా కూడా 1911కు ముందువాటిని బయటికి వదలదు. బీజింగ్ అంగట్లో 'కాంగ్‌షీ జాడీ, ఇంటికే పంపిస్తాం' అంటే అది నకిలీ కావాలి, లేదా దొంగ సరుకు కావాలి.

హైదరాబాద్ దగ్గర ఉన్నవాళ్లు డబ్బు తీసే ముందు సాలార్‌జంగ్ మ్యూజియంలోని చైనా పింగాణీ చూసి రావాలి. సముద్రం ముట్టుకోని గ్లేజు ఎలా మెరుస్తుందో అక్కడ కళ్లకు అలవాటైతే, ఓడ సరుకులో ఎంత పోయిందో తేలికగా తెలుస్తుంది.

ఇంటికి తెచ్చాక స్ప్రింగు బిగించే గోడ కొక్కేలు వద్దు. అంచు మీద ఒత్తిడి పడి పాత వెంట్రుక పగులు సాగుతుంది. చెక్క స్టాండు మీద ఏటవాలుగా పెట్టండి. కడగాలంటే గోరువెచ్చని నీళ్లు, మెత్తని బ్రష్, ఒక చుక్క సబ్బు. డిష్‌వాషర్‌లో పెట్టొద్దు. ఒకదానిలో ఒకటి పేర్చాల్సి వస్తే మధ్యలో ఆమ్లం లేని టిష్యూ కాగితం మడిచి పెట్టండి. అడుగు వలయం గ్లేజు లేని గరుకు మట్టి, కింది గిన్నె మీద గీత వేసేది అదే.